అరవై రోజుల సెలవు, తొంభై రోజుల గడువు

ఫోను మోగగానే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది నాలుగున్నరేళ్ల రాజేశ్వరి. చేతిలో పలక ఉంటే పలకతో, నోట్లో బుక్క ఉంటే బుక్కతో గడప దాటి, పక్కింటి బిస్మిల్లా బీ అరుగు మీద కూర్చుంటుంది. మాటలు అయిపోయాయని ఇంట్లోంచి ఎవరైనా పిలిచేదాకా అక్కడే. ఇప్పుడు ఆ పిల్లను ఎవరూ పొమ్మనరు. మొదట్లో అనేవాళ్లు. పిల్ల నేర్చుకుంది.

ఆ ఫోను మస్కట్ నుంచి వస్తుంది. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి మన పగటి అన్నం వేళకు పరశురాములు వీడియో కాల్ చేస్తాడు. తల్లి పోశవ్వతో మాట్లాడతాడు. పెద్ద కూతురు ప్రవళికతో, కొడుకు అఖిల్‌తో మాట్లాడతాడు. ఫోను పట్టుకుని నిలబడేది మాత్రం భార్య వనజ. ఆమె ముఖం ఆ బొమ్మలో ఉండదు. చేయి ఒక్కటే పనికొస్తుంది. శుక్రవారం పొద్దున్నే ఆమె దండెం మీది చిన్న గౌన్లు తీసి లోపల దాచిపెడుతుంది. ఒకసారి మరిచిపోయింది. వెనకాల ఎర్ర గౌను కనబడగానే పరశురాములు మాట మధ్యలోనే ఫోను పెట్టేశాడు. మళ్లీ రెండు నెలలదాకా చేయలేదు.

తండ్రి కంట పడకుండా బిడ్డను దాచే పనిని వనజ నాలుగున్నరేళ్లు నోరెత్తకుండా చేసింది. ఆమె చేసిన తప్పేమిటని మీరు అడుగుతారు కనుక ముందే చెప్పేస్తాను. ఏ తప్పూ లేదు. ఆమె భర్త పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ ఆపరేషన్ పనిచేయడం మొదలుపెట్టాలంటే కొంత గడువు పడుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతే జరిగింది. మిగతాదంతా మనుషులు చేసింది.

వేములవాడకు బస్సులో అరగంట దూరంలో ఉంది వాళ్ల ఊరు. వనజ పుట్టిల్లు మాత్రం ఇచ్చోడ. ఆదిలాబాద్ వైపు నుంచి ఇంత దూరం ఇచ్చారేమని పెళ్లినాడు ఎవరో అడిగితే, పిల్లగాడు మంచివాడని దూరం చూడలేదు అన్నదట తల్లి కనకవ్వ. ఆ మాట అబద్ధం కాదు. పరశురాములు తాగి కొట్టే మనిషి కాదు. పెళ్లయిన ఏడాదికే మస్కట్ పోయాడు. రోడ్లకు తారు పోసే కంపెనీలో పని. రెండేళ్లకోసారి అరవై రోజుల సెలవు.

వనజకు ఇద్దరు పిల్లలూ కడుపు కోస్తేనే పుట్టారు. రెండో కాన్పులో రక్తం ఆగలేదు. తల్లి ప్రాణం దక్కితే చాలనుకున్న ఆ తొందరలో పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత కాపర్ టీ వేస్తే నెలలో పదిహేను రోజులు మైల. తీసేశారు. గోలీలు వేసుకుంటే తల తిరిగి, బీడీలు చుట్టే చాట మీదికే ఒరిగిపోయేది. భర్త వచ్చే ముందు మొదలుపెట్టి, ఆయన విమానం ఎక్కగానే మానేసేది. "ఈమెను ఇంకోసారి కోయాలంటే ముందు ఒంట్లో రక్తం పట్టాలి. ఆయననే రమ్మనండి, మగవాళ్లకు చిన్న పని" అన్నది డాక్టరమ్మ.

ఆ సారి పరశురాములు సెలవు మీద రాగానే ఊరి ఆశా వర్కర్ కోమల ఇంటికి వచ్చింది.

"అన్నా, పది నిమిషాల పని. కుట్లు గూడ ఉండయి. పొద్దుగాల పోతే పగటీలికి ఇంట్ల ఉంటవు."

పోశవ్వ అడ్డం పడింది. "కష్టం జేసుకునే మొగోడు. ఆనికేమన్న అయితే ఇల్లెట్ల నడుస్తది?"

"అవ్వా, నువ్వు జర ఊకో" అన్నాడు పరశురాములు.

ఊళ్లో ఈ ముచ్చట తెలిసిపోయింది. పక్కింటి సదానందం ఆయనకు చిన్ననాటి దోస్తు, ఆయన కూడా దుబాయి మనిషే. కల్లు మండువ దగ్గర అందరి ముందు అడిగాడు.

"ఏందిరో పరశా, కోయించుకుంటవట? ఇగ మీసం రాలిపోతదేమో చూసుకో."

పరశురాములు నవ్వాడు. "నా పెండ్లాం రెండుసార్లు కోయించుకున్నది. నేను ఒక్కసారి కోయించుకుంటే ఏం బోతది?"

ఈ మాట అన్న మనిషిని దుర్మార్గుడని రాయడం నాకు చేతకాదు. ఈ కథలో అన్నింటికంటే బరువైన సంగతి కూడా ఇదే. ఆయన ఆ ఆపరేషన్ ఆమె కోసం చేయించుకున్నాడు.

సెలవులో పంతొమ్మిదో రోజు క్యాంపు. ఆ రోజు వచ్చినవాళ్లలో ఆడవాళ్లు ముప్పైమందికి పైన, మగవాడు ఒక్క పరశురాములే. అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. పని అయ్యాక నర్సు ఒక ప్లాస్టిక్ కవరు చేతికిచ్చింది. అందులో గోలీలు, ఒక కాయితం, నిరోధ్ పొట్లాలు. "కాయితం చదువుకోండ్రి" అని చెప్పి ఆమె ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఆమెనూ ఏమనలేం. ముప్పై మంచాలకు ఇద్దరు నర్సులు.

గల్ఫ్‌కు పోయే మన మనుషులకు ఒక అలవాటుంది. ఏ కాయితం దొరికినా పారేయరు. పాస్‌పోర్టు జిరాక్సులు, వీసా, మెడికల్, టికెట్ ముక్కలు అన్నీ ఒక బటన్ ఫైల్లో పెట్టుకుని దాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటారు. ఏ కాయితం ఏ రోజు ఎవడు అడుగుతాడో, లేదంటే ఏ ఎయిర్‌పోర్టులో ఆపుతాడో అని భయం. దాచుకోవడం బాగా తెలుసు. చదవడం మాత్రం అలవాటు కాలేదు. పరశురాములు ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫైల్లో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక వనజ కవరు విప్పింది.

"కోసినంక మళ్లా ఇవెందుకు ఇచ్చిండ్రు?"

"ఏమో. సర్కారోళ్ల దగ్గర మిగిలిపోయినయి పంచుతుండ్రు కావచ్చు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పోశవ్వ చూస్తే సిగ్గని ఆ పొట్లాలను ఆయన అటక మీద పాత డబ్బాల వెనక్కి నెట్టాడు. మూడు నెలలకు పరీక్షకు రావాలని కోమల కూడా ఏదో అన్నట్టు వనజకు లీలగా గుర్తు. గాయం మానిందో లేదో చూస్తారేమో అనుకున్నారు. గాయం వారానికే మానింది. మూడు నెలలకు ఆయన ఎక్కడుంటాడు? మస్కట్‌లో. ఇక పరీక్ష మాటే లేదు.

డాక్టర్లు చెప్పేది ఇది. మగవారికి ఆ నాళం కోసి ముడివేసినా, అంతకుముందే లోపల చేరిన వీర్యకణాలు కొంతకాలం మిగిలే ఉంటాయి. అవి పూర్తిగా పోవడానికి మూడు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా నిరోధ్ వాడాలి. మూడు నెలలయ్యాక వీర్య పరీక్షలో కణాలు లేవని తేలితేనే ఆపరేషన్ పని చేసినట్టు. ధ్రువపత్రం కూడా అప్పుడే ఇస్తారు. గడువు తొంభై రోజులు. మన పరశురాములుకు మిగిలిన సెలవు నలభై ఒక్క రోజులు. గల్ఫ్‌కు మనిషిని పంపని గడప వెతికితే దొరకని ఈ ప్రాంతంలో, "అన్నా, నీ సెలవు ఎన్ని రోజులు?" అని ఆ క్యాంపులో ఒక్కరు కూడా అడగలేదు.

ఆయన పోయిన మూడో వారానికి వనజకు అనుమానం వచ్చింది. ఒంట్లో నీరసం అనుకుంది. నోట్లో నీళ్లూరడం, తంబాకు వాసన పడకపోవడం ఆమెకు తెలిసిన గుర్తులే. దవాఖానలో చూసి కడుపు అన్నారు. ఆపరేషన్ ఫెయిలైంది కావచ్చు, ఆయనకు చెబితే ఆయనే ఎవరినైనా అడుగుతాడు అనుకుంది. భయపడలేదు. సిగ్గుపడుతూ ఫోను చేసింది.

"ఎట్లయితది?" అన్నాడు పరశురాములు.

"నాకేమెరుక? డాక్టరమ్మ అట్లనే చెప్పింది."

"స్కానింగ్ కాయితం పంపు."

పంపింది. నెలసరి వచ్చిన తేదీ, దాన్ని బట్టి లెక్క కట్టిన వారాలు అందులో ఉన్నాయి. ఆ తేదీ ఆపరేషన్ అయిన పదకొండో రోజుది. మస్కట్‌లో ఆయన గదిలోని నలుగురు ఆ కాయితం చూశారు. కోసినంక కడుపు ఎట్లా వస్తుందన్నారు నలుగురూ. ఆ తేదీల్లో ఆయన ఇంట్లోనే ఉన్నాడు కదా అని ఒక్కరికీ తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. కోతను నమ్మిన మనిషి భార్యను నమ్మలేకపోయాడు.

తర్వాతి ఫోను తల్లికి వచ్చింది. కడుపు తీయించుకోమని కోడలికి చెప్పమన్నాడు.

వనజ ఒప్పుకోలేదు. "తీసేస్తే ఆయన అన్నది నిజమని నేను ఒప్పుకున్నట్టే అయితది అత్తా. నేను తీయ."

ఇచ్చోడ నుంచి కనకవ్వ వచ్చింది. రెండు రోజులు ఉంది. తల్లి వెంట పోవాలని వనజ సంచి సర్దుకుంటే, కనకవ్వ ఆ సంచిలోంచి బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసింది. "నువ్వు లేసి వచ్చినవంటే ఆళ్లన్నదే ఖాయమైతది బాయీ. నీ గడప మీద నువ్వు కూసో." తల్లి బస్సెక్కింది. ఆ తర్వాత వనజకు తనవాళ్లంటూ ఎవరూ ఆ ఊరికి రాలేదు.

అయిదో నెలలో పోశవ్వ కోడల్ని వేములవాడ తీసుకుపోయింది. కోడెను గుడి చుట్టూ తిప్పే మొక్కుకు కాదు. తడిబట్టల ప్రమాణానికి. చలికాలం పొద్దు. గుడి కోనేరు ధర్మగుండంలో మునిగి, బట్టలు ఒంటికి అంటుకుపోయి, కడుపు అందరికీ కనబడుతుంటే వనజ జనం మధ్య నడిచింది. కోడెలను పట్టుకుని తిరుగుతున్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. రాజన్న దేవుడి ముందు నిలబడి, "ఈ కడుపు నా మొగనిదే, కాదంటే నా ఇద్దరు పిల్లలు నాకు దక్కద్దు" అన్నది. అంత మాట అంటుందని పోశవ్వ అనుకోలేదు. వచ్చేటప్పుడు బస్సులో తన శాలువా తీసి కోడలి మీద కప్పింది. ఆనాటి నుంచి పోశవ్వ నోట కోడలిని అనుమానించే మాట రాలేదు.

కానీ కొడుకు అన్నాడు: "ప్రమాణాలు ఎవలైనా చేస్తరవ్వా. డాక్టరు కాయితం అబద్ధమాడదు."

తడిబట్టలతో మునగాల్సింది ఆమె ఒక్కతే. ఆయన్ను ప్రమాణం చేయమని ఎవరూ అడగలేదు. ఒక చిన్న పరీక్ష చేయించుకోమని కూడా ఎవరూ అడగలేదు.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టే నాడు వండిన పరమాన్నం గిన్నెలో గడ్డకట్టింది. వచ్చింది బిస్మిల్లా బీ ఒక్కతే. గాజులమ్ముకుని బతికే ముసలమ్మ, పసిదాని చేతికి నల్లగాజులు తొడిగి, "నామ్ క్యా రఖ్తీ బేటీ?" అన్నది. తన మాటకు ఉన్న సాక్షి రాజన్న ఒక్కడే కనుక రాజేశ్వరి అని పెట్టింది వనజ. అంగన్‌వాడీలో తండ్రి పేరు అడిగినప్పుడు పోశవ్వ తల పక్కకు తిప్పుకుంటే, వనజే గట్టిగా "పరశురాములు" అని రాయించింది.

అంతకుముందు వనజ గోడ అవతలి సదానందం ఇంటి వసారాలో పదిమంది ఆడవాళ్లతో కలిసి బీడీలు చుట్టేది. పసిదాన్ని ఒళ్లో వేసుకుని మళ్లీ ఆ వసారాలోకి పోయిన మొదటి రోజే సదానందం భార్య వందన అంది:

"ఏమే వనజా, మీ ఇంటాయన పిల్లల్ని గూడ ఫోన్లనే పంపుతుండా?"

వసారా అంతా నవ్వింది. ఒకామెకు నవ్వి నవ్వి పొలమారింది. వనజ తన చాట, కత్తెర, తడిగుడ్డలో చుట్టిన ఆకు తీసుకుని లేచింది. ఆ రోజు నుంచి తన ఇంట్లో, ఆ గోడకే వీపు ఆనించి ఒంటరిగా చుడుతుంది. గోడ అవతల మాటలు, నవ్వులు వినబడతాయి. ఎవరో పాట ఎత్తుకుంటారు. ఆమె ఇటువైపు కూర్చుని, పెదవులు కదపకుండా ఆ పాటను అందుకుంటుంది.

మధ్యలో పరశురాములు ఒక్కసారే సెలవు మీద వచ్చాడు, ఆ తర్వాతి సెలవుకు రానేలేదు. బెల్లంపల్లిలో అక్క ఇంట్లో దిగాడు. పెద్దపిల్లలిద్దరినీ, తల్లినీ అక్కడికే పిలిపించుకున్నాడు. వాళ్లు పోయిన పన్నెండు రోజులు ఇంట్లో వనజ, చిన్నపిల్ల ఇద్దరే. తిరిగొచ్చిన అఖిల్ చెల్లెలి చేతిలో ఒక చాక్లెట్ పెట్టి, "బాపు ఇయ్యలే, నేనే దాచి తెచ్చిన" అన్నాడు. ఆ పిల్లగాడికి అబద్ధం చెప్పడం రాదు.

ఇలా ఎన్నేళ్లు నడిచేదో తెలియదు. మొన్న వానాకాలం చివర సదానందం దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ముగ్గురు పిల్లలు, ఇక చాలనుకున్నారు. కోమల వాళ్లింటికి వచ్చింది. గోడ ఇటువైపు వనజ ఆకు కత్తిరిస్తోంది.

"అన్నా, ముందుగాల ఒకటి చెప్పు. నీ సెలవు ఎన్ని రోజులు?" కోమల గొంతు.

"రెండు నెలలు. ఇరవై రోజులు అయిపోయినయి."

"అయితే ఇప్పుడే ఇనుండ్రి, వదినె నువ్వు గూడ ఇను. కోసుడుతోని అయిపోదు. లోపల ముందటిది మిగిలి ఉంటది. మూడు నెలలు నిరోధ్ వాడాలె. మూడు నెలలకు పరీక్ష చేసి, ఏం లేదని కాయితం ఇస్తరు. గా కాయితం చేతికి వచ్చిందాంక నమ్మద్దు. నువ్వు అంతల దుబాయి పోతవు గనుక, మళ్లొచ్చినంక పరీక్ష ఇచ్చేదాంక జాగ్రత్తగ ఉండాలె."

"గిదేం కొత్త ముచ్చట? మా పరశడు గిట్లనే సెలవుల కోయించుకున్నడు గదా. ఆనికెవలు చెప్పలే."

వసారాలో కత్తెర్లు ఆగిపోయాయి. వనజ చేతిలోని ఆకు కింద పెట్టింది. లేచి, ఇంటి ముందు నుంచి చుట్టూ తిరిగి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఆ వసారాలో నిలబడింది.

"కోమలా, గీ మూడు నెలల ముచ్చట నాకెందుకు చెప్పలే?"

కోమల తల వంచుకుంది. "అప్పుడు నాకే సరిగ తెల్వది అక్కా. మొగోళ్లల్ల నేను తోలుకపోయిన మొదటి మనిషి అన్ననే."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండేండ్లకు. ట్రైనింగుల చెప్పిండ్రు."

"రెండేండ్లకు. అంటే నా బిడ్డ నడుస్తుండె. పోలియో చుక్కలు దాని నోట్ల నువ్వే వేసినవు. ఆ చుక్కలు వేసుకుంట గూడ నీకు చెప్పబుద్ధి కాలే?"

"భయమైంది అక్కా. ఊరంత నా మీద పడుతరనుకున్న. మొగోళ్లు ఇగ ఒక్కలు గూడ రారనుకున్న. రేపు చెప్త, రేపు చెప్త అనుకుంట..." కోమల ఏడ్చింది. "నా తప్పే."

వనజ ఏడవలేదు. కోపంగా కూడా లేదు. ఒక్కటే అడిగింది. "ఇది యాడన్న రాసి ఉంటదా?"

"ఆపరేషన్ నాడు ఇచ్చిన కాయితంలనే రాసి ఉంటది. అందరికి ఇస్తరు."

వందన తల ఎత్తలేదు. దారం ఆమె వేళ్ల చుట్టూ చిక్కుపడి ఉంది. వనజ ఆమె వైపు చూడకుండానే దిగి వచ్చేసింది. ఇంట్లో అటకంతా వెతికింది. డబ్బాల వెనక పొట్లాలు దొరికాయి, ఎలుకలు కొరికినవి. కాయితం దొరకలేదు. అప్పుడు ఆమెకు ఫైలు గుర్తొచ్చింది.

శుక్రవారం ఫోను మోగింది. రాజేశ్వరి లేచి బయటికి పోయింది. పోశవ్వ మాటలు, పిల్లల మాటలు అయ్యాక వనజ ఫోనును తన ముఖం వైపు తిప్పుకుంది. ఆమె ముఖం అందులో చూసి పరశురాములు కనుబొమలు ముడిచాడు.

"పెట్టేయకు. ఒక్క పని చెయ్. నీ ఫైలు తీ."

"ఏం ఫైలు?"

"పాస్‌పోర్ట్ జిరాక్సులుండే ఫైలు. ఆపరేషన్ నాటి కాయితం అండ్ల ఉంటది. తీసి చదువు."

"ఇప్పుడు గా ముచ్చటెందుకు?"

"డాక్టరు కాయితం అబద్ధమాడదన్నవు గదా. అదేమంటదో చదువు. నేను ఇంట."

పోశవ్వ కోడలి పక్కకు వచ్చి నిలబడింది. "తీ కొడుకా" అన్నది.

ఫోను మంచం మీద పెట్టినట్టున్నాడు. గది కప్పు, తిరుగుతున్న ఫ్యాను మాత్రమే కనబడ్డాయి. కాయితాలు గలగలలాడిన చప్పుడు. చాలాసేపటికి ఆయన గొంతు, రెండో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదివినట్టు: "ఆపరేషన్ జరిగిన వెంటనే... గర్భ నిరోధం... కలగదు. మూడు నెలల వరకు... నిరోధ్ వాడవలెను. మూడు నెలల తరువాత... వీర్య పరీక్ష చేయించుకొని... ధ్రువపత్రము... పొందవలెను."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"గీ కాయితం నా దగ్గర్నే ఉన్నదా?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియదు.

"నీ తలకిందనే ఉన్నది" అన్నది వనజ.

ఫోను ఆగిపోయింది.

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వనజ గోడకు వీపు ఆనించి బీడీలు చుట్టింది. వందన ఒకరోజు గోడ మీదుగా, "వనజా, ఇటు రారాదే, ఒక్కదానివి ఎంతసేపు కూసుంటవు" అంది. వనజ వినబడనట్టే ఉంది. పిలవగానే పోవడానికి నాలుగేళ్లు అంత చిన్నవి కావు.

మళ్లీ శుక్రవారం. ఆ పొద్దున ఆమె దండెం మీది గౌన్లు తీయలేదు. ఫోను మోగింది. పలక పట్టుకుని రాజేశ్వరి గడప దాటింది. పరశురాములు తల్లిని పలకరించలేదు, పెద్దపిల్లల్ని అడగలేదు. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. గొంతు సవరించుకుని, ఆ పేరును మొదటిసారి పలికాడు.

"రాజేశ్వరిని పిలువు."

వనజ ఫోను పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. అరుగు మీద పిల్ల పలక మీద గీతలు గీస్తోంది. పక్కన బిస్మిల్లా బీ గాజుల మలారం మూట సర్దుకుంటోంది.

"రా బిడ్డా. మీ బాపు పిలుస్తుండు."

పిల్ల తల్లి వైపు తల ఎత్తింది. "ఫోను అయిపోయిందా అవ్వా?"

"కాలే. నీతోని మాట్లాడుతడట."

పిల్లకు ఆ మాట అర్థం కాలేదు. ఫోను అయిపోకముందు ఇంట్లోకి పోకూడదని తెలుసు, అంతే. మళ్లీ పలక మీదికి వంగింది. "అయిపోయినంక వస్త" అన్నది.

బిస్మిల్లా బీ పిల్ల వీపు మీద చేయి వేసింది. "జావ్ బేటీ, జర పో" అన్నది. పిల్ల అరుగు అంచుకు ఇంకాస్త ఒదిగింది. వనజ ఫోనును అటు తిప్పింది. మస్కట్‌లోని ఆ గదిలోకి ఆ పిల్ల నడినెత్తి, పాపట, పలక అంచు మాత్రం చేరాయి. ఆయన అలా చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి వనజ చేయి నొప్పి పెట్టింది. అయినా దించలేదు.

ఇది రాసే నాటికి ఆయన ఇంకా రాలేదు. వచ్చే సెలవుకు నేరుగా ఇంటికే వస్తానన్నాడట. పిల్ల ఇంకా ఫోను మోగగానే లేచిపోతూనే ఉంది. నేర్పినంత తేలిక కాదు మరిపించడం.

చదివినవాళ్లను నేను అడిగేది పెద్ద పని కాదు. మీ ఇంట్లో గానీ, మీ వాడలో గానీ మగవారి ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఉంటే, ఈ రోజే అడగండి: మూడు నెలల పరీక్ష ఇచ్చినవా, ధ్రువపత్రం తెచ్చుకున్నవా? లేదంటే వెంట ఉండి దవాఖానకు తీసుకుపోండి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి చేయించుకోవాలనుకునే వాళ్లుంటే, దిగిన వారంలోనే పోయి, ముందే సెలవు సంగతి డాక్టరుకు చెప్పమనండి. పరీక్ష అయ్యేదాకా నిరోధ్ మానొద్దని చెప్పండి. ఆ పొట్లాలు మిగిలిపోయి పంచినవి కావు.

పరీక్షలో ఏమీ లేదని తేలాక కూడా, చాలా అరుదుగానైనా, నాళం మళ్లీ అతుక్కోవచ్చు. ఆడవాళ్ల ఆపరేషన్ కూడా ఎక్కడో ఒకరికి తప్పుతుంది. కాపర్ టీ తప్పుతుంది, గోలీ మరిస్తే గోలీ తప్పుతుంది. నూటికి నూరుపాళ్లు అని ఏ డాక్టరూ చెప్పడు. అలా తప్పినప్పుడు సర్కారు పరిహారం అడిగే హక్కు ఉంది, దానికి గడువు ఉంటుంది కనుక వెంటనే అడగండి. అడగాల్సింది దవాఖానను. ఆడమనిషిని కాదు. ఆమెను తడిబట్టలతో నడిపించే ముందు ఆయన ఫైలు విప్పించండి.

ఇంకొక్కటి. మీ ఊళ్లో ఏ ఇంటి ముందైనా, ఫోను మోగగానే ఒక పిల్ల బయటికి వచ్చి కూర్చుంటుంటే, మనకెందుకని ఊరికే పోకండి. ఆగి అడగండి.